ఇంటి కంప్యూటరులు – నాడును నేడును

మా పాఠశాలలోని కంప్యూటరు గదిని గుఱించి యీ సంవత్సరము పెద్దలలో నొక చర్చ జరుగుచున్నది. గదిలోని యంత్రములు పాతబడినవి. వానిని తీసివైచి విద్యార్థులకు తలకొక ట్యాబు నిచ్చినచో గదియు మిగులును, పిల్లలు పాఠములును చూచుకొందురు, ఉపాధ్యాయునకు పనియు తేలిక యగును అని యొక పక్షము. ఆ పక్షమువారి యుద్దేశము మంచిదే. కాని గది మూతపడకముందు చెప్పదగిన మాట యొకటి కలదని మాకు తోచుచున్నది. దానిని చెప్పుటకు నలువదేండ్లకు పైగా వెనుకకు పోవలసియున్నది. చదువరులు, అందును పై తరగతుల విద్యార్థులు, కొంచెము ఓపిక పట్టుదురు గాక.

మా యీడువారు పాత కంప్యూటరులను తలచికొని మురియుట చూచి నేటి బాలబాలికలు నవ్వుచుందురు. ఆ నవ్వులో న్యాయము లేకపోలేదు. పాతదెల్ల మేలనువానితో వాదించుటకన్న వానికి కండ్లజోడు మార్పించుట మంచిది. ఆ యంత్రములు మిగుల నెమ్మదివి, పెంకివి, అవసరమైనవేళ మొరాయించునవి. నేటి చేతిఫోనును వానితో పోల్చుట రైలును ఎద్దుబండితో పోల్చుటకన్నను హాస్యాస్పదము. అయినను వానియం దొక గుణ ముండెను. అది నానాటికి కనుమఱుగగుచున్నది. అట్టిదొకటి యుండెనని యెఱిగినవారును తగ్గుచున్నారు.

1970వ దశకము నడుమ వఱకు కంప్యూటరనగా ప్రభుత్వమునకో, బ్యాంకులకో, విశ్వవిద్యాలయములకో చెందిన వస్తువు. అది యొక గదినిండ నుండెడిది. దానిని కొలుచు పూజారులు వేఱు. సామాన్యునకు గడపకడనే నిలుపుదల. 1975 జనవరిలో అమెరికాయందు ‘పాప్యులర్ ఎలక్ట్రానిక్స్’ అను మాసపత్రిక ముఖపత్రముపై ‘ఆల్టెయిర్ 8800’ అను యంత్రము బొమ్మ వెలువడినది. న్యూమెక్సికో రాష్ట్రమున ఆల్బకర్కీ పట్టణమందలి యొక చిన్న సంస్థ దానిని విడిభాగములుగా నమ్మెను. కొన్నవాడే టంకము పెట్టి కూర్చుకొనవలెను. దానికి కీబోర్డు లేదు, తెర లేదు. ముందువైపున వరుసగా స్విచ్చులును చిన్నచిన్న దీపములును మాత్రమే. మెమరీ 256 బైట్లు. నేటి లెక్కప్రకారము అందులో మన తెలుగక్షర చిహ్నములు నూఱుకూడ నిమడవు. దానికి ‘బేసిక్’ భాషను సిద్ధపఱచి యిచ్చిన యువకు లిరువురు బిల్ గేట్సును పాల్ అలెనును. వారి తరువాతి కథ లోకమెఱిగినదే.

ఈ బేసిక్ భాష 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు జాన్ కెమెనీ, థామస్ కర్ట్‌జ్ అను గణితాచార్యులచే కల్పింపబడినది. విజ్ఞానశాస్త్రము చదువని విద్యార్థులును కంప్యూటరును వాడుకొనవలెనని వారి సంకల్పము. ఉపాధ్యాయులు విద్యార్థులకొఱకు చేసిన భాష యగుటచే మాకు దానిపై నొకింత పక్షపాతము గలదు, దాచుట యెందుకు? 1977లో ఆపిల్ 2, కమడోర్ పెట్, టి.ఆర్.ఎస్. 80 అను మూడు యంత్రములు బయలుదేరి, పెట్టె విప్పి తీగ తగిలించినంతనే పనిచేయు కంప్యూటరు సామాన్యుల యిండ్లకు వచ్చుటకు త్రోవ తీసినవి. మూడింటికిని బేసిక్ భాషయే మాట.

ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ అనునతడు 1980లో జెడ్.ఎక్స్. 80 అను యంత్రమును నూఱు పౌనులకు అయిదు పెన్నీలు తక్కువగా నమ్మెను. మఱుసటి యేడు వచ్చిన జెడ్.ఎక్స్. 81 డెబ్బది పౌనులకు లోపే దొరకెను. దాని మెమరీ ఒకే కిలోబైటు. అది చాలనివారు వెనుకభాగమున నింకొక పెట్టెను తగిలించుకొనెడివారు. బల్ల కొంచెము కదలినచో ఆ పెట్టె యూగి, గంటసేపు చేసిన పని యంతయు రెప్పపాటులో మాయమగుచుండెను. 1982 ఏప్రిల్‌లో రబ్బరు మీటలతో స్పెక్ట్రం వచ్చెను. అంతకు నాలుగైదు నెలల ముందు, 1981 డిసెంబరులో, కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థ బి.బి.సి. మైక్రోను వెలువరించెను. దేశప్రజలకు టెలివిజను ద్వారా కంప్యూటరు విద్య గఱపవలెనని బి.బి.సి. పూనుకొని, దానికి తగిన యంత్రమును వెదకుచుండగా, సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ మొదలగువారు వారము తిరుగకముందే నమూనాను నిలబెట్టి చూపిరి. పండ్రెండువేల యంత్రములు అమ్ముడుపోవునేమో యని మొదట ననుకొనిరట. తుదకు పదునైదు లక్షలకు పైగా పోయినవి. అమెరికాలో 1982లోనే కమడోర్ 64 అంగళ్లకు వచ్చెను. ఆ సంస్థ నధిష్ఠించిన జాక్ ట్రమీల్ పోలండులో పుట్టి, ఆష్విట్జ్ నిర్బంధశిబిరమునుండి ప్రాణములతో బయటపడి వలసవచ్చినవాడు. అతని యంత్రము కోటికి పైగా ఇండ్లు చేరెను.

వీనికి వేఱు తెర యుండెడిది కాదు. ఇంటిలోని టెలివిజనే తెర. కావున తండ్రి వార్తలు చూడదలచినచో కొడుకు విద్యాభ్యాస మంతటితో సరి. విద్యుత్తు ఆగినంతనే మెమరీలోని దంతయు పోవును గనుక, వ్రాసినదానిని దాచుకొనుటకు పాటల క్యాసెట్టే గతి. ప్రోగ్రాము ధ్వనిగా మాఱి టేపు నెక్కును. మరల వినిపించినచో ధ్వనినుండి యక్షరములుగా దిగును. ఆ ధ్వనిని విన్నవారు మఱువజాలరు. మొదట నొక దీర్ఘమైన యీల. పిదప ఇసుకతో ఇనుపమూకుడు తోమినట్లు గరగర. తెర యంచులందు రంగురంగుల చారలు పరుగిడుచుండ, స్పెక్ట్రం నిండునంతటి ప్రోగ్రాము దిగుటకు నాలుగైదు నిమిషములు పట్టెడిది. టేపురికార్డరు గొంతు కొంచెము హెచ్చినను తగ్గినను మరల మొదటికి రావలసినదే.

ప్రోగ్రాము ధ్వనియే యైనప్పుడు దానిని రేడియోలో నేల పంపరాదు? ఈ యాలోచన కొందఱకు తట్టినది. హాలండు రేడియోవారు ‘హాబీస్కూప్’ అను కార్యక్రమమున ప్రోగ్రాములను ప్రసారము చేసిరి. శ్రోతలు టేపుపై పట్టుకొని తమ యంత్రములలో దింపుకొనిరి. యుగోస్లావియాలో నింకను వింత జరిగినది. ఆ దేశమున విదేశీ యంత్రముల దిగుమతిపై కఠినమైన కట్టుబాట్లుండెను. వోయా ఆంటోనిచ్ అను యువకుడు 1983లో ‘గలాక్సియా’ యను కంప్యూటరును స్వయముగా రూపొందించి, దాని పటములను ఒక పత్రిక ప్రత్యేక సంచికలో నుచితముగా ప్రకటింపించెను. వేలకొలది పాఠకులు భాగములు తెప్పించుకొని తమ తమ యిండ్లలో దానిని కూర్చుకొనిరి. బెల్‌గ్రేడు రేడియోలో జోరాన్ మోడ్లి యను వ్యాఖ్యాత రాత్రివేళ ఆ గరగరలను ప్రసారము చేసెను. కొనుటకు వీలులేని వస్తువును చేసికొనుటకు వీలున్నదని ఒక దేశపు పిల్లలు కనుగొనిరి. మాకు మిక్కిలి ప్రియమైన కథ యిది.

ఇంక పత్రికల విషయము. ఆ దినములలో కంప్యూటరు పత్రికలు ప్రోగ్రాములను పుటలకు పుటలు అచ్చువేసెడివి. పిల్లవాడు పత్రికను మోకాళ్లపై బెట్టుకొని, ఒక్కొక్క పంక్తి చూచి, ఒక్కొక్క మీట నొక్కి, సాయంకాలమంతయు దానిని యంత్రమున కెక్కించవలెను. నూఱు పంక్తులలో నొకచోట కామాకు మాఱుగా చుక్క పడినచో ప్రోగ్రాము నడువదు. యంత్రము ఫలానా పంక్తిలో పొరపాటున్నదని చూపి యూరకుండును; కోపపడదు, మార్కులు తీయదు, తండ్రికి చీటి పంపదు. పిల్లవాడు ఆ పంక్తిని వెదకును, దిద్దును, మరల నడిపించును, అది మఱియొకచోట నాగును. బోధనాభ్యసన కళాశాలలో మాకు నేర్పిన పద్ధతులనేకము. కాని తప్పును వెదకుటయందే పిల్లవానికి రుచి పుట్టించు పద్ధతి నింత సుకరముగా మఱెక్కడను చూడలేదు. మన లెక్కల పుస్తకములలో ఎఱ్ఱసిరా పడినచోట విషయము ముగిసిపోవును. అక్కడ నది మొదలగును.

పైన చెప్పిన గుణ మేమనగా, ఆ యంత్రములు తెఱచినంతనే వట్టివిగా నుండెడివి. స్పెక్ట్రం తన తయారీదారు పేరొకటి చూపి మిన్నకుండును. బి.బి.సి. మైక్రో తన పేరు, మెమరీ యెంతయో చెప్పి, చిన్న బాణపు గుఱుతు నొకటి పెట్టి నిలుచును. కమడోర్ 64 నీలపు తెరపై, 38,911 బైట్లు ఖాళీగా నున్నవనియు, తాను సిద్ధముగా నున్నాననియు తెలిపి, కనుఱెప్పవలె నార్పు చతురస్రము నొకటి చూపును. అంతకుమించి యేమియు లేదు. నీవేమి చెప్పెదవో చెప్పుమని యంత్రము కనిపెట్టుకొనియుండును. అట్టి నిశ్శబ్దము నెదుట కూర్చున్న పిల్లవానికి రెండే దారులు: లేచిపోవుట, లేక యేదైన నొకటి చెప్పుట.

చెప్పినవారి గుఱించి రెండు ముచ్చట్లు చాలును. ఒక కిలోబైటు మెమరీగల జెడ్.ఎక్స్. 81పై చదరంగమాడు ప్రోగ్రామును డేవిడ్ హార్న్ అను నతడు 672 బైట్లలో నిమిడ్చెను. కోటకట్టుట వంటి కొన్ని యెత్తులను వదలినమాట నిజమే. అయినను ఎదుటివానితో ఆట యాడును. ఈ పేరాలో మే మింతవఱకు వ్రాసినది నేటి పద్ధతిని దాచినచో అంతకన్న నెక్కువ చోటు పట్టును. 1984లో డేవిడ్ బ్రాబెన్, ఇయన్ బెల్ అను కేంబ్రిడ్జి విద్యార్థులిద్దఱు బి.బి.సి. మైక్రోకొఱకు ‘ఎలీట్’ అను నాటను చేసిరి. అందెనిమిది నక్షత్రమండలములు, ఒక్కొక్కదానియందు 256 నక్షత్రములు. 32 కిలోబైట్ల యంత్రమున రెండువేలకు పైబడిన లోకములు పట్టుటెట్లు? వారు లోకముల నందులో దాచలేదు. ఒక చిన్న సంఖ్యనుండి, లెక్క తప్పని యొక సూత్రముచే, ఎప్పటికప్పుడు ఆ లోకముల పేర్లను లక్షణములను పుట్టించిరి. అదే సంఖ్య, అదే సూత్రము. కావున ఎన్నిసారులు వెళ్లినను అదే లోకము. గుణశ్రేఢి చదువుచున్న పదవ తరగతివారు దీనిని గుఱించి కొంచె మాలోచింపవలెను.

మన దేశమున నీ యంత్రములు ఇంటింటికి వచ్చినవని చెప్పుట సత్యము కాదు. దిగుమతి సుంకములచే వాని వెల మధ్యతరగతి జీతగానికి కొఱుకుడు పడెడిది కాదు. విదేశమునుండి వచ్చు బంధువు సంచిలో నెప్పుడైన నొకటి రావలెను. మైక్రోసాఫ్టునకు 2014లో అధిపతియైన సత్య నాదెళ్ల హైదరాబాదున చదువుకొను దినములలో, పదునైదేండ్ల ప్రాయమున, తండ్రి బ్యాంకాకునుండి స్పెక్ట్రం నొకదానిని తెచ్చియిచ్చెనని తన గ్రంథమున వ్రాసికొనియున్నారు. అట్టి తండ్రులు ఊరికొకరైనను లేరు. తక్కినవారికి పాఠశాలయే దిక్కు. 1984-85లో భారత ప్రభుత్వము ‘క్లాస్’ అను పేర నొక పథకమును మొదలిడి, తొలుత 250 పాఠశాలలకు బి.బి.సి. మైక్రోల నిచ్చెను.

మేము చదివిన పాఠశాలలో 1990 ప్రాంతమున నొకే కంప్యూటరుండెను. దానిపై కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, గదికి తాళము వేసి, లోనికి పోవువారు చెప్పులు విడువవలెనని బోర్డు పెట్టిరి. గుడిలో దేవునికిని ఆ యంత్రమునకును మాకంతగా భేదము తెలియలేదు. తరగతికి అఱువదిమంది, వారమున కొక గంట. చాలకాలము వఱకు చూచుటయే గాని తాకుట లేదు. తుదకొకనాడు ఒక్కొక్కరికి రెండేసి పంక్తులు వ్రాయుటకు సెలవు దొరకెను. మొదటి పంక్తి తన పేరు నచ్చువేయుమని. రెండవ పంక్తి మరల మొదటి పంక్తికి పొమ్మని. అంతే. మీట నొక్కగానే మా పేరు తెర పైనుండి క్రిందివఱకు, క్రిందినుండి మరల, ఆగక, అలసిపోక, ఆపుమనువఱకు వచ్చుచునే యుండెను. అఱువదిమందియు తమ తమ పేర్లు చూచుకొనువఱకు గంట గడచినను ఎవరును కదలలేదు. ఇంతవఱకు మన మాట వినినవారు మనకన్న చిన్నవారైన తమ్ముళ్లు మాత్రమే, అదియు బెత్తముతో. ఒక యంత్రము వినుట యదే మొదలు.

ఇంగ్లీషు పెద్దబడి యక్షరములలో గదా యని కొందఱందురు. నిజమే. ఆ తెరపై ‘అ’ యను నక్షరము లేదు. మన పేరును పరాయి లిపిలో వ్రాసికొనియే సంతసించితిమి. పాతకాలపు ముచ్చట చెప్పువారు ఈ సంగతిని దాటవేయుదురు. దాటవేయుట న్యాయము కాదు.

ఏలయన, గడచిన నలువదేండ్లలో జరిగిన యభివృద్ధి సామాన్యమైనది కాదు. 8 గిగాబైట్ల మెమరీగల చేతిఫోనునందు 48 కిలోబైట్ల స్పెక్ట్రములు లక్షా డెబ్బదినాలుగువేలకు పైగా నిమిడియున్నవి. ఈ వ్యాసమొక్కటియే స్పెక్ట్రమున పట్టదు. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పునందే తెలుగులిపికి స్థానము దొరకుటచే నేడు పల్లెటూరి అవ్వకూడ మనుమనికి తెలుగున వ్రాయగలదు, వ్రాయరానిచో పలుకగలదు. చూపులేని విద్యార్థికి ఫోను పుస్తకము చదివి వినిపించుచున్నది. ఇది మేము కన్నులార చూచిన విషయము. దీనిముందు పాత యంత్రములన్నియు దిగదుడుపే.

వింత యేమనగా, ఈ చేతిఫోను ఆ పాత యంత్రము బిడ్డయే. బి.బి.సి. మైక్రోను చేసిన విల్సన్, ఫర్బరులే దాని తరువాతి యంత్రములకై క్రొత్త చిప్పును చేయబూనిరి. ఆ చిప్పు నడువడికను ముందుగా బి.బి.సి. బేసిక్ భాషలోనే వ్రాసి పరీక్షించిరి. 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్పు చేతికి వచ్చెను, అమర్చినంతనే పనిచేసెను. విద్యుత్తు ఎంత వాడుచున్నదో కొలువబోగా కొలమానము సున్న చూపెను. వెదకగా, దానికి విద్యుత్తు నిచ్చు తీగయే తగులుకొనలేదనియు, ప్రక్కతీగలనుండి ఊరివచ్చిన కొద్దిపాటితోనే చిప్పు నడచుచున్నదనియు తెలిసినదట. అంత మితాహారి యగుటచేతనే ‘ఆర్మ్’ అను నా వంశము నేడు లోకములోని చేతిఫోను లన్నిటియందును దాదాపుగా నెలకొన్నది.

తల్లి పిల్లవానికి కలమిచ్చెను; బిడ్డ యిచ్చుచున్న దేమి? ఫోనును తెఱచినంతనే పాటలు, బొమ్మలు, ఆటలు, అంగళ్లు. ఖాళీతెర యనునది లేనేలేదు. ఎవరో ఎక్కడనో వ్రాసియుంచినది మన ముందు నడచుచుండును. మన పని వేలితో నెట్టుట. క్రొత్త యాప్‌ను దింపుకొనునపుడు పుటలకొలది షరతులు వచ్చును, ఎవరును చదువరు, బొటనవ్రేలితో ‘అంగీకారము’ అను దానిపై నొక్కుదురు. మా తాతల కాలమున కరణము దస్తావేజు వ్రాసి చదివి వినిపించెడివాడు, అక్షరమెఱుగని రైతు వేలిముద్ర వేసెడివాడు. వినిపించినదే వ్రాసెనా, వ్రాసినదే వినిపించెనా? అది కరణమున కెఱుక, దైవమున కెఱుక. రైతు తన పొలము గట్టు ఏ యేటి కెంత జరిగినదో ముప్పదేండ్లకుగాని తెలిసికొనలేదు. ఆ వేలిముద్రను మాన్పించుటకే గదా మన పెద్దలు పల్లెపల్లెకు బడులు పెట్టినది! నేడు డిగ్రీలు గలవారును తెరపై మరల వేలిముద్రలు వేయుచున్నారు.

పాత యంత్రములను కొనిన పిల్లలలో అధికసంఖ్యాకులు ఆటలే యాడిరని ప్రతిపక్షమువా రందురు. కాదనము. నూటికి తొంబదిమంది యాడియుండవచ్చును. కాని ఆటకును వ్రాతకును నడుమ ఆనాడు గోడ లేదు. ఆటనుండి విసిగి లేచినవానికి అదే తెర, అదే కీబోర్డు. నేడు ఫోనులో ప్రోగ్రాము వ్రాయుట అసాధ్యము గాకపోయినను, త్రోవ వెదకికొని పోవలెను. త్రోవ యున్నదని యెవరైన చెప్పవలెను. మఱియొక యాక్షేపణ: హాలండు దేశపు విద్వాంసుడు డైక్‌స్ట్రా, బేసిక్ నేర్చినవానికి మరల మంచి పద్ధతి నేర్పుట యించుమించుగా అసాధ్యమని 1975లోనే వ్రాసెను. మహనీయుని మాట, అయినను బేసిక్‌తో మొదలిడిన విద్యార్థులు తరువాత చేసిన పనులను చూచినచో ఆ మాట కొంత చెల్లదని మా యభిప్రాయము. బేసిక్‌నే నేర్పవలెనని మా పట్టును లేదు.

అన్నిటికన్న గట్టి యాక్షేపణ క్రొత్తది. 2022 చివరనుండి, మాటలతో నడిగినంతనే ప్రోగ్రామును తానే వ్రాసియిచ్చు యంత్రములు సామాన్యుల చేతికి వచ్చినవి. ఇంక మన పిల్లలు పంక్తులు వ్రాయుట యెందుకని అడుగుదురు. తొమ్మిదవ తరగతి విద్యార్థిని యొకతె, తరగతి మార్కుల సగటు కట్టు ప్రోగ్రామును అట్టిదానిచే వ్రాయించి తెచ్చినది. చూచుటకు చక్కగా నున్నది. పరీక్షకు రానివారిని సున్న మార్కులుగా లెక్కించుచున్నది. అది తప్పో ఒప్పో మనము నిర్ణయింపవలసిన విషయము. యంత్రము మనల నడుగకయే నిర్ణయించినది. ఆ బాలిక యైదవ పంక్తిపై వేలుపెట్టి, “ఇక్కడ నండీ” అని చూపినది. ఏలయన, ఆమె అంతకుముందు ఆఱు నెలలు అట్టి పంక్తులు స్వయముగా వ్రాసియుండెను. ప్రక్కనున్నవారికి అది కనబడలేదు.

ఇంగ్లండువారు ఈ కొఱతను మనకన్న ముందు గుర్తించిరి. కేంబ్రిడ్జిలో కంప్యూటరు శాస్త్రమునకు వచ్చు విద్యార్థులు సంఖ్యయందును నేర్పునందును తగ్గిపోవుచుండుట చూచి, ఎబెన్ అప్టన్ మొదలగువారు ‘రాస్ప్‌బెర్రీ పై’ యను చిన్న యంత్రమును తలపెట్టిరి. ఎలీట్ చేసిన బ్రాబెన్ వారిలో నొకడు. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు అది వెలువడెను. దాని రకములకు ‘ఎ’, ‘బి’ యని బి.బి.సి. మైక్రో రకముల పేర్లే పెట్టిరి. 2020లో దానినే కీబోర్డులో నమర్చి అమ్మిరి. చూచుటకు అచ్చముగా 1982 నాటి యింటి కంప్యూటరే. 2016లో బి.బి.సి. వారు అఱచేతిలో పట్టు ‘మైక్రోబిట్’ అను పలకను ఆ దేశపు ఏడవ తరగతి పిల్లలకు ఉచితముగా పంచిరి.

మన కంత ఖర్చుకూడ అక్కఱలేదు. ట్యాబులు రానిండు, వానిచే మేలు గలదని పైన చెప్పితిమి. కాని గదిలోని పాత యంత్రములలో పండ్రెండింటినైన నుంచవలెను. వానినుండి ఇంటర్నెట్టు తీసివేయవలెను. తెఱచినంతనే ఖాళీతెర వచ్చునట్లు చేసి, పైథాన్ వంటి ఉచితభాష నొకదాని నుంచినచో చాలును. అది పాత యంత్రములపైనను నడచును, తెలుగక్షరములను అచ్చువేయును. ఎనిమిదవ తరగతికి వారమునకు రెండు గంటలు. మొదట ఎక్కములు, పిదప హాజరు సగటు, ఆ పిదప మధ్యాహ్న భోజనమునకు బియ్యము లెక్క. లెక్క తప్పినచో అన్నము తక్కువగును గావున వారే వెదకుదురు.

ఈ గది యెవరికి ముఖ్యమో యొక మాట. ఇంట కంప్యూటరున్న పిల్లలకు పాఠశాల గది యున్నను లేకున్నను కొదువ లేదు. మా తరగతులలో ననేకులకు ఇంట నున్నది తండ్రి చేతిఫోను ఒక్కటే. అది ఉదయము ఆరింటికి తండ్రితోకూడ పనికి పోవును, రాత్రి తొమ్మిదింటికి వచ్చును, వచ్చినపిమ్మట అన్నకు. ఆడపిల్ల చేతికి వచ్చువఱకు చార్జి యుండదు. ఆమెకు కీబోర్డు గల బల్ల ఊరిలో నింకెక్కడను లేదు.

నిర్ణయము వచ్చే నెల కార్యవర్గ సమావేశమున జరుగునని వినుచున్నాము. అంతకుముందు పెద్దలు ఏదైన నొక శనివారము మధ్యాహ్నము గదికి దయచేసి, పిల్లలలో నొకరిని వట్టి తెర ముందు కూర్చుండబెట్టి, అరగంట చూడవలెనని కోరుచున్నాము. తాళపుచెవి మాయొద్దనే యున్నది. కుర్చీలు మేము వేయింతుము.